సూరమ్మ ఇంటి తోడు

అచ్చియ్యమ్మ కాపురానికి వచ్చిన నాటికి గోదావరికి ఇంకా ఆనకట్ట లేదు. గన్నవరానికి అవతల, రాజోలు వెళ్లే దారిలో ఉన్న ఆ ఊళ్లో చేలన్నీ వాన పడితే తడిసేవి, లేకపోతే నెర్రెలు విచ్చేవి. ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి నడకలు వచ్చేసరికి ధవళేశ్వరంలో ఆనకట్ట లేచింది. గన్నవరం దగ్గర నది మీదుగా వంతెన కట్టి, దాని మీంచి కాలవను ఊరి వైపుకు దాటించారు. చేలలో ఎప్పుడు చూసినా నీళ్లు నిలబడి ఉండే రోజులు వచ్చాయి. పంట పెరిగింది. ఆ తేమకు తెగుళ్లు కూడా పెరిగాయి. మొదట్లో ఎవరూ ఈ రెండో సంగతి పైకి అనలేదు. నీళ్లిచ్చిన కాలవను ఏమనగలరు?

అచ్చియ్యమ్మ అత్తగారు పేరంటాలమ్మ మాత్రం అనేది. "నీళ్లతో పాటు నిమ్ము కూడా వచ్చిందర్రా. వరికి నిమ్ము పడితే మనిషికి రొంప పట్టినట్టే" అనేది. ఆవిడ దగ్గర దానికో మందు ఉండేది. పశువుల సావిడిలో వాయవ్యం మూల, నేలలోకి సగం పాతిన పెద్ద కుండ. అందులో కలి. అన్నంలోకి పోసుకునే తరవాణి కాదు, చేలకు పోసే కలి. బియ్యం కడుగు, గంజి, పుల్లమజ్జిగ, కర్రావు పేడ, ఏ ఏడూ తెగులు రాని మడిలోంచి వరి దుబ్బు వేళ్ల దగ్గర తీసిన గుప్పెడు మన్ను, ఇవన్నీ కలిపి పులియబెట్టింది. వాడినంత వాడి మళ్లీ కడుగు పోసేది తప్ప ఆ కుండను ఎన్నడూ అడుగంటా ఖాళీ చేసేది కాదు. తన అత్తగారి నాటి తోడు అందులో ఉందని చెప్పేది. పాలలో వేసిన తోడు పెరుగును ఎలా నిలుపుతుందో, ఆ కుండలో అడుగున మిగిలింది కొత్త కలిని అలా నిలుపుతుందట.

ఏటా తొలకరికి విత్తనాలు మొలకెత్తడానికి మండె కట్టే ముందు ఆ కలిలో ముంచి తీసేవారు. ఆకుల మీద మచ్చలు కనిపిస్తే కలిని నీళ్లలో పలచన చేసి, వావిలి రెమ్మల కట్టతో పొద్దున్నే చేనంతా చిలకరించేవారు. తెగులు బొత్తిగా రాలేదని కాదు. వచ్చేది, కానీ ఆ చేలో నిలదొక్కుకునేది కాదు. ఎందుకో ఎవరికీ తెలియదు. "కలికి ప్రాణం ఉంది" అని ఒక్క మాటలో తేల్చేసేది పేరంటాలమ్మ. పుల్లటి వాసన వస్తే బతికున్నట్టు, కుళ్లు వాసన వస్తే చచ్చినట్టు.

అచ్చియ్యమ్మకు రెండు వాసనలూ ఒక్కటే. సావిడిలోకి పాలు పితకడానికి వెళ్లినప్పుడల్లా ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. వాసన ఒక్కటే కాదు. పేరంటాలమ్మ కోడలిని మొహం మీద ఒక్క మాట అనేది కాదు. కూర మాడినా, పిల్లాడు పడ్డా, పుట్టింటివాళ్లు వచ్చి నాలుగు రోజులు ఎక్కువ ఉన్నా, ఆవిడ సావిడిలోకి వెళ్లి, కొబ్బరిమట్ట ముక్కతో కలి తిప్పుతూ ఆ కుండతో గొణుక్కునేది. గోడకు ఇవతల అచ్చియ్యమ్మకు అన్నీ వినిపించేవి. ఆ ఇంట్లో తనకంటే ఆ కుండకే ఎక్కువ మర్యాద అని ఆమెకు లోలోపల మంట.

ఒక ఫాల్గుణంలో పేరంటాలమ్మ మంచం పట్టింది. పోయే ముందు రోజు కోడల్ని పిలిచి, ఇల్లు శుద్ధి చేసేటప్పుడు వంట కుండలన్నీ పారేసినా సావిట్లో కుండ జోలికి మాత్రం పోవద్దని చెప్పింది. అచ్చియ్యమ్మ తల ఊపింది. దినవారాలు అయ్యాక మైల కుండలు పారేసే రోజున ఆమె సావిట్లోకి వెళ్లి, ఆ కుండను పారతో పెకలించి, పెరటి వెనక పల్లంలో బోర్లించింది. మైల కుండే కదా అని తనకు తాను చెప్పుకుంది. ఎవరూ అడగలేదు కూడా. ఆ మూల పేడతో అలికి, ముగ్గు పెట్టింది. ఆ పూట ఆమెకు ఒళ్లు తేలిగ్గా, ఏదో పండగ రోజులా అనిపించింది. తర్వాత చాలా ఏళ్లు ఆమెను బాధపెట్టింది కుండ పారబోసిన సంగతి కాదు, ఆ పూట కలిగిన ఆ సంతోషం.

ఆమె మొగుడు వెంకటస్వామి నెమ్మదైనవాడు. చేను, ఎడ్లు, కాలవ గట్టు మీద నలుగురితో కబుర్లు, ఇవే అతని లోకం. విత్తనాల పని ఆడవాళ్లది కనుక సావిట్లోకి పెద్దగా తొంగి చూసేవాడు కాదు. తొలకరికి విత్తనాలు తడిపే రోజున గుమ్మంలోంచే, కలిలో ముంచావా అని అడిగాడు. "ఆయ్, ముంచేనండి" అంది అచ్చియ్యమ్మ. అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు.

ఆ రోజే సూరమ్మ వచ్చింది. సూరమ్మది ఊరికి దిగువనున్న పేట. పేటవాళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లలోకి రాకూడదు, వస్తువులు ముట్టుకోకూడదు. ఊడ్పుల్లో మాత్రం ఆమె లేకపోతే పని సాగదు. ఆడకూలీలందరికీ ముందు వరస ఆమెదే. ఆమె నాటిన మడిలో పిలక వంకర ఉండదని వెంకటస్వామే చెప్పేవాడు. పేరంటాలమ్మకు ఆమె అంటే ఇష్టం. గుమ్మానికి ఇవతల ఒకరు, అవతల ఒకరు నిలబడి పైరు సంగతులు గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఊడ్పులకు ఆకు నారు ఎప్పుడు పీకాలో అడగడానికి వచ్చిన సూరమ్మ సావిడి గుమ్మం బయట ఆగి, లోపలికి ఒకసారి చూసింది. ముగ్గు పెట్టి ఉన్న మూల మీద ఆమె చూపు కాసేపు నిలిచింది. ఆ మూల ఊసెత్తకుండా, వచ్చిన పని అడిగి వెళ్లిపోయింది.

పైరు బాగానే లేచింది. భాద్రపదం దాటాక పగలు ముసురు, తెల్లవారుజామున మంచు మొదలయ్యాయి. అప్పుడు ఆకుల మీద మచ్చలు కనిపించాయి, నూలు కండె ఆకారంలో, చుట్టూ ఎర్రగా, నడుమ బూడిద రంగులో. అగ్గితెగులు. ఊళ్లో అందరి చేలలోనూ అక్కడక్కడా ఉంది కానీ వెంకటస్వామి చేలో దూరం నుంచి చూస్తే ఎవరో నిప్పు తొక్కుకుంటూ నడిచి వెళ్లినట్టుంది. అతను పరుగున ఇంటికి వచ్చి, కలి తియ్యి, రేపు పొద్దున్నే చిలకరించాలి అన్నాడు.

అచ్చియ్యమ్మ నూతి దగ్గర గిన్నెలు తోముతోంది. తల ఎత్తకుండా, కలి చెడిపోయిందని చెప్పింది. పురుగు పడితే పారబోశానంది.

"మా అమ్మ చేతిలో ఇన్నేళ్లు చెడని కలి ఎందుకు చెడిందే?" అన్నాడు వెంకటస్వామి. అతనికి కోపం లేదు, నిజంగానే అర్థం కాలేదు. సావిడి వైపు చూసి తనే అన్నాడు. "మండె కట్టిన రోజు సూరమ్మ వచ్చింది కదా. సావిట్లోకి గానీ వచ్చిందా?"

"గుమ్మం దాకా వచ్చిందండి" అంది అచ్చియ్యమ్మ. అది నిజమే. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "నేను విత్తనాల దగ్గర ఉన్నాను. కుండ ముట్టుకుందో లేదో చూడలేదండి" అని చేర్చింది.

అంతే. అంతకు మించి ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. వెంకటస్వామి ఆ మాట కాలవ గట్టు మీద నలుగురికీ చెప్పాడు, మిగతాదంతా ఊరే అనుకుంది. సూరమ్మ తమ్ముడు పేతురు అప్పటికే నరసాపురం వెళ్లి పాదిరి దొరల ప్రార్థనలు విని వస్తున్నాడు. అతని పేరు మారి ఏడాది కాలేదు. అక్క కూడా వాళ్లలో కలిసిపోయిందని, అమ్మవారికి వేపమండలు తేవడం మానేసిందని, అలాంటిది వెళ్లి కలికుండ ముట్టుకుంటే చేను మాడక ఏమవుతుందని కాలవ గట్టు మీద అన్నారు. కార్తికంలో వెన్ను పైకి వచ్చేసరికి తెగులు మెడకు పాకింది. వెన్నులు మెడ దగ్గర నల్లబడి, విరిగి వేలాడాయి. పాలు పోసుకోవాల్సిన గింజ తాలుగా మిగిలింది. ఆ పాడైన చేనును చూడటానికి జనం వచ్చారు, చూసినవాడల్లా సూరమ్మ పేరు తలుచుకున్నాడు.

కోతలకు ఆమెను ఎవరూ పిలవలేదు. ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. పిలవలేదు, అంతే. కోతల నాళ్లలో దొరికే గింజలతోనే పేటలో ఏడాది గడవాలి. సూరమ్మ ఒక్కర్తే ముసలి తల్లిని ఇంట్లో వదిలి, అమలాపురం వైపు పిల్లకాలవ తవ్వుతున్న చోటికి మట్టి మోయడానికి వెళ్లింది. మాఘంలో ఒక మధ్యాహ్నం పేట వైపు నుంచి డప్పు వినిపించింది. పాలేరు వెంకన్న వచ్చి, సూరమ్మ తల్లి పోయిందటండి, కూతురు ఇంకా రాలేదట అని చెప్పాడు. అచ్చియ్యమ్మ అప్పుడే పిల్లలకు అన్నం పెడుతోంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అప్పటినుంచి ఆమెకు తిండి సయించేది కాదు. మొగుడితో చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. అతను తాలు గింజలు తూర్పారబడుతూ, "పోనీలే, మనమేం చేస్తాం, ఎవరి పాపం వాళ్లది" అంటుంటే చెప్పకుండానే చేట అందుకుని తనూ చెరిగేది. అసలు కలి ఉన్నా ఈ ముసురుకు తెగులు ఆగేదా అని ఒక్కోసారి తనను తాను సమాధానపరుచుకునేది. ఆగేదో లేదో ఆమెకు నిజంగానే తెలియదు. కానీ సూరమ్మ సంగతికి ఆ సమాధానం పనికిరాదు. అది తెగులు చేసిన పని కాదు కదా.

ఎండలు ముదిరాయి. ఈ ఏడైనా కలి సిద్ధం చెయ్యమని వెంకటస్వామి అన్నాడు. అచ్చియ్యమ్మ కొత్త కుండ తెచ్చి, అత్తగారు వేసినవన్నీ వేసింది. కడుగు పోసింది, మజ్జిగ పోసింది, పేడ కలిపింది, చేలో మన్ను తెచ్చి వేసింది. కొన్నాళ్లకు మూత తీస్తే చచ్చిన ఎలుక వాసన. పారబోసి మళ్లీ పెట్టింది. ఈసారి పైన నల్లటి బూజు. అప్పుడు ఆమెకు ఒక సంగతి తెలిసింది. ఇన్నాళ్లూ కొంగు అడ్డం పెట్టుకున్నా, ఆ పాత కలి వాసన ఎలా ఉండేదో ఆమె ముక్కుకు బాగా గుర్తుంది. చింతపండుకూ పచ్చిగడ్డికీ నడుమ ఏదో వాసన. తను చేస్తున్నది అది కాదని తెలుస్తోంది. ఎలా చెయ్యాలో మాత్రం తెలియడం లేదు.

తోడు లేకుండా నిలవదండి అన్నాడు వెంకన్న, ఎడ్లకు కుడితి పెడుతూ. పెద్దమ్మగారు ఆ తోడు ఇంకెవరికైనా ఇచ్చారా అని అచ్చియ్యమ్మ అడిగింది. వెంకన్న కుడితిలో చెయ్యి ఆపి, ఇచ్చేరండి అన్నాడు. లంకలో సూరమ్మ వాళ్ల నాన్న పాలికి చేసుకునే పొలం చెక్కకు తెగులు వస్తే ఒక కడవ పోసి ఇచ్చారట. సూరమ్మ దాన్ని ఇంకా నిలుపుకుంటూనే ఉందట.

అచ్చియ్యమ్మ ఆ మాట విని రెండు రోజులు ఏమీ చెయ్యలేదు. జ్యేష్ఠం వచ్చేసింది. మండె కట్టే రోజు దగ్గర పడింది. ఒక పొద్దున పిల్లలకు చద్దన్నం పెట్టి, చిన్న కుండ చంకన పెట్టుకుని ఆమె పేటకు బయల్దేరింది. ఊళ్లో పెద్దింటి ఆడవాళ్లు పేటలో కాలు పెట్టడం ఎవరూ ఎరగరు. దారిలో కనిపించినవాళ్లు ఎక్కడికని అడుగుతుంటే ఆమె కుండ సర్దుకుని ముందుకు నడిచింది.

సూరమ్మ ఇంటి ముందు తాటాకులు చీలుస్తోంది. మట్టి మోసి మోసి మనిషి సగం అయ్యింది. అచ్చియ్యమ్మను చూసి లేచి నిలబడింది. కూర్చోమనడానికి ఆ ఇంట్లో ఊళ్లోవాళ్లు కూర్చోదగ్గ పీట లేదు, అచ్చియ్యమ్మ కూర్చోనూ లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, అమ్మ పోయిందని విన్నాను అంది.

"ఆయ్. పోయిందండి." సూరమ్మ చేతిలో తాటాకు వంక చూస్తూ అంది. "జబ్బు లేదండి. నేను పంపిన గింజలు వచ్చేలోగానే పోయింది. పేటలో ఎవరి గింజలు వాళ్లకే చాలవు కదండి, ఎవరు పెడతారు."

 అచ్చియ్యమ్మ చంకలో కుండ కిందికి దించి, తను వచ్చిన పని చెప్పింది. కలి తోడు కావాలంది. తన కలి చెడిపోయిందని మొదలుపెట్టి మధ్యలో ఆగింది. సూరమ్మ తల ఎత్తి సూటిగా చూసింది.

"చెడిపోలేదు కదండి అమ్మగారూ. ఆ మూల ముగ్గు నేను చూసేనండి."

"చూసి ఎందుకు చెప్పలేదు సూరమ్మా?"

"ఎవరికి చెప్పనండి? చెప్తే ఎవరు నమ్ముతారు?"

 పారబోసింది తనేనని అచ్చియ్యమ్మ అంది. నువ్వు ముట్టుకోలేదని తనకు తెలుసని కూడా అంది. ఇంతకాలం ఎవరితోనూ అనలేని మాట, అనవలసిన మనిషి ముందే అనేసరికి ఏదో బరువు దిగుతుందనుకుంది. ఏమీ దిగలేదు. సూరమ్మ లోపలికి వెళ్లి, మూలనున్న కడవలోంచి ముంతతో తీసి, అచ్చియ్యమ్మ కుండలో పోసింది. అదే వాసన, చింతపండుకూ పచ్చిగడ్డికీ నడుమ. అచ్చియ్యమ్మ కళ్లు నిండాయి.

"ఒక్క మాటండి" అంది సూరమ్మ. "నేనిచ్చేనని చెప్పి పొయ్యండి. చెప్పకుండా పోసేటట్టయితే ఇక్కడే వొంపేసి వెళ్లిపోండి."

అచ్చియ్యమ్మ కుండ చంకనెత్తుకుని ఊరి నడివీధిలోంచే వచ్చింది. వెంకటస్వామి సావిడి అరుగు మీద పగ్గం పేనుకుంటున్నాడు. కుండ అతని ముందు దించి, ఎక్కణ్ణుంచి తెచ్చిందో చెప్పింది. తర్వాత మిగతాదంతా చెప్పింది. అత్తగారు పోయేముందు అన్న మాట, పెరటి పల్లం, విత్తనాల రోజు అబద్ధం, నూతి దగ్గర అన్న మాట. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆమె ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

వెంకటస్వామి చాలాసేపు పగ్గం పేనడం ఆపలేదు. "ఊరందరికీ నేనే కదే చెప్పింది" అన్నాడు చివరికి. ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేశాడు. విత్తనాల్ని కలిలో ముంచనివ్వలేదు. పేట ఇంట్లో కలి తన విత్తనాలకు తగిలితే పదిమందిలో తలెత్తుకోలేనన్నది అతని బాధో, తల్లి కుండను బోర్లించిన చేత్తో ఇంకేం చేసినా కలిసిరాదన్నదో, అతనే చెప్పలేకపోయాడు. అచ్చియ్యమ్మ కుండను పాత మూలలో పాతి, రోజూ కడుగు పోస్తూ నిలుపుకుంది. కాలవ రేవులో నీళ్లకు వచ్చిన ఆడవాళ్లతో మాత్రం, ఒకరి తర్వాత ఒకరితో, జరిగింది జరిగినట్టు చెప్పింది. విన్నవాళ్లు చెవులు కొరుక్కున్నారు. కొందరు ఆమె బిందె పక్కన తమ బిందె పెట్టడం మానేశారు. ఆమె దాన్ని ఒప్పుకుంది. ఆ మాత్రం శిక్షైనా తనకు దక్కాలనిపించింది.

నారు పోసిన ఆకుమడిలోనే మచ్చలు కనిపించాయి ఆ ఏడు. ఒక తెల్లవారి అచ్చియ్యమ్మ సావిట్లోకి వచ్చేసరికి వెంకటస్వామి కుండ ముందు గొంతుకూర్చుని కలిని బిందెలోకి తీసుకుంటున్నాడు. ఆమె వావిలి రెమ్మల కట్ట తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ మడి గట్టున చెరో వైపూ నడుస్తూ చిలకరించారు.  ఊడ్పులయ్యాక చేలో మళ్లీ రెండుసార్లు చిలకరించారు. కార్తికం మంచులో అక్కడక్కడా ఆకు మాడింది గానీ వెన్ను విరగలేదు. గింజ గట్టిపడింది.

కోతలకు ముందు వెంకటస్వామి తనే పేటకు వెళ్లాడు. సూరమ్మ పేరు చెప్పి ఊరిని నమ్మించింది తనే కనుక ఊరి ముందే పిలుస్తానని, మునుపటిలా ముందు వరసలో కొయ్యమని అడగడానికి. సూరమ్మ ఇంటికి తాళం కూడా లేదు, కప్పు తాటాకులు తీసేసి ఉన్నాయి. పేతురు వచ్చి అక్కను నరసాపురం తీసుకెళ్లాడని, అక్కడ ఆమె పేరు రూతు అయ్యిందని పక్క ఇంటివాళ్లు చెప్పారు.

ఆ తర్వాత అచ్చియ్యమ్మ కలి అడిగిన ప్రతి ఇంటికీ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు, ఇది సూరమ్మ ఇచ్చిన తోడు అని చెప్పి ఇచ్చేది. పేట పేరు వినగానే కొందరు కుండ అక్కడే వదిలి వెళ్లిపోయేవారు. వాళ్లను ఆమె బతిమాలేది కాదు. అలా చెప్పడం ఆమెకు మొక్కు చెల్లించినట్టు అలవాటైంది. మనసు మాత్రం కుదుటపడలేదు. మాఘమాసంలో పేట వైపు ఏ డప్పు మోగినా చేతిలో పని ఆపేసేది.

చాలా ఏళ్లకు, కూతురి పురిటికి నరసాపురం వెళుతూ అచ్చియ్యమ్మ సఖినేటిపల్లి రేవులో పడవ కోసం ఆగింది. అప్పటికి వెంకటస్వామి పోయాడు. రేవులో తెల్లచీర కట్టుకున్న ముసలి మనిషి మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. కాసేపు చూశాక అచ్చియ్యమ్మ గుర్తుపట్టి, సూరమ్మా అని పిలిచింది. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు లేరేమో, ఆమె వెంటనే తిరగలేదు. తిరిగి చూసి, లేచి నిలబడబోయింది. అచ్చియ్యమ్మ వద్దని చెయ్యి ఊపి, తనూ ఆమెకు కాస్త ఎడంగా ఇసకలో కూర్చుంది.

చేలెలా ఉన్నాయండి అని సూరమ్మ అడిగింది. బాగున్నాయని, ఊళ్లో సగం ఇళ్లలో ఆమె తోడే ఉందని అచ్చియ్యమ్మ చెప్పింది. కావాలంటే ఒక కడవ పంపిస్తానంది. సూరమ్మ చిన్నగా నవ్వింది. అక్కడ తమకు చేను లేదని, బడిలో పిల్లలకు వండి పెడుతున్నానని, కలి ఎందుకని అంది. అందులో నిష్ఠూరం ఉందేమోనని అచ్చియ్యమ్మ వెతికింది. కనిపించలేదు. ఉంటే బాగుండుననిపించింది.

"మీ అమ్మను నేనే పొట్టన పెట్టుకున్నాను సూరమ్మా" అంది, నది వంక చూస్తూ.

  "ఆ ఏడు చలి కూడా ఎక్కువేనండి" అంది సూరమ్మ, మూట ముడి సరిచూసుకుంటూ.

పడవ ఒడ్డుకు వచ్చింది. అచ్చియ్యమ్మ ముందు ఎక్కి, వెనక్కి తిరిగి, సూరమ్మకు చెయ్యి అందించింది. రేవులో జనం చూస్తున్నారు. సూరమ్మ ఆ చేతి వంక ఒక క్షణం చూసింది. తర్వాత మోకాలి లోతు నీళ్లలో రెండడుగులు పక్కకు వేసి, పడవవాడి భుజం పట్టుకుని ఎక్కి, అవతలి చివర కూర్చుంది.